రెండు వేళ్ళ సందు

జాకీ దూరలేదు. దూరదని దశరథానికి తెలుసు. అయినా ఒకసారి నెట్టి చూడటం అలవాటు.

నారింజ రంగు స్పోర్ట్స్ కారు షెడ్డు మధ్యలో, చల్లటి గచ్చుకు పొట్ట ఆనించి పడుకున్న కుక్కలా ఉంది. ఎక్కడో స్ప్రింగులు మార్పించి రెండంగుళాలు కిందికి దింపించారు. ముందు బంపరు కింద చెయ్యి పెడితే మణికట్టు దాకా పోయి ఆగిపోతోంది. దశరథం లేచి గోడవారన నిలబెట్టిన రెండు టేకు పలకలు తెచ్చి ముందు చక్రాల ముందర పరిచాడు. వెనక్కి వెళ్ళి భుజం ఆనించి తోశాడు. చక్రాలు పలకలెక్కాయి. కారు రెండంగుళాలు లేచింది. ఇప్పుడు జాకీ వెళ్ళింది.

వంగినప్పుడు కుడి మోకాలు టక్కుమంది. పొద్దున్నుంచి అది మూడోసారి. లెక్కపెట్టడం మానేద్దామనుకుంటూనే లెక్కపెడుతున్నాడు. యాభై ఒక్కేళ్ళ మనిషి. అందులో ఇరవై ఆరేళ్ళు ఈ షెడ్డులోనే గొంతుక్కూర్చున్నాడు.

షెడ్డు శంషాబాద్ దాటాక, బెంగళూరు హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద ఉంటుంది. పైన రేకులు. ఆ రేకుల మీదుగా విమానాలు దిగుతాయి. దిగేటప్పుడు రేకులు గుయ్యిమంటాయి. ఆ కాసేపు షెడ్డులో ఎవరూ మాట్లాడరు. సగం మాట దగ్గర ఆగి, విమానం పోయాక అదే మాట దగ్గర మళ్ళీ అందుకుంటారు. కొత్తగా వచ్చిన గిరాకీలకు అది వింతగా ఉంటుంది. పాతవాళ్ళయితే వాళ్ళూ ఆగుతారు.

షెడ్డు ముందర, ఎండ పడని చోట ఒక సీటు ఉంది. పాత అంబాసిడర్ నుంచి ఊడదీసి ఇనుప కాళ్ళకు బిగించిన సీటు. అందులో శివయ్య కూర్చుని ఉన్నాడు. షాపు ఆయనదే. బోర్డు మీద పేరూ ఆయనదే. నడిపేది మాత్రం కొడుకు జగదీశ్. నాలుగేళ్ళ కింద పక్షవాతం వచ్చి శివయ్య ఎడమ సగం పడిపోయింది. మాట పోయింది. కుడిచెయ్యి, రెండు చెవులు మిగిలాయి. పాల్మాకుల నుంచి రోజూ పొద్దున కొడుకు బండి మీద వస్తాడు, పొద్దుగూకేదాకా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. పోయే లారీ చప్పుడు విని ఏ చక్రంలో బేరింగు పోయిందో వేలెత్తి చూపిస్తాడు. ఎవరికి చూపిస్తాడో ఎవరికీ తెలియదు.

దశరథం గన్నుతో నట్లు ఊడదీశాడు. పాత చక్రం దింపి పక్కన పెట్టాడు. పాత రిము ఎనిమిదంగుళాల వెడల్పు. గోడకు ఆనించిన కొత్తవి తొమ్మిదిన్నర. వినడానికి ఒకటిన్నర అంగుళమే. కానీ ఆ వెడల్పులో ఎక్కువ భాగం బయటికి, మడ్‌గార్డు అంచు కిందికి వస్తుంది. కారు ఎప్పుడూ సాఫు రోడ్డు మీదే పోతే చిక్కులేదు. గుంతలో పడితే చక్రం పైకి లేస్తుంది. మడ్‌గార్డు లోపలి రేకు అంచు కత్తిలా ఉంటుంది. అది టైరు భుజాన్ని గీస్తుంది. షెడ్డులో గీస్తే గీత పడుతుంది. నూటయాభై స్పీడులో గీస్తే టైరు పేలుతుంది.

కారు యజమాని ఉపేందర్ అత్తాపూర్ మనిషి. నిన్న సాయంత్రం కారు వదిలి పోతూ, ఈరోజు నాలుగింటికల్లా కావాలన్నాడు. ఈ రాత్రికే బెంగళూరు రోడ్డు మీద స్నేహితులతో పోవాలట. ఎంత స్పీడులో పోతావని దశరథం అడగలేదు. అడగకుండానే అతను చెప్పాడు.

దశరథం చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. నాలుగు మడతలు పెట్టింది. పొద్దున్నుంచి వంగినప్పుడల్లా అది రొమ్ముకు గుచ్చుకుంటోంది.

భార్య సరిత తమ్ముడు మల్లేశ్వర్ ఎయిర్‌పోర్టు లోపల, విమానాల దగ్గర సామాన్ల బండ్లు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. అక్కడ టైర్ల పనికి ఒక మనిషి కావాలి. ఎనిమిది గంటల డ్యూటీ, వారానికో సెలవు, దవాఖాన కార్డు. అన్నిటికన్నా పెద్దది, అక్కడ బండ్లను నడుము ఎత్తుకు లేపే మెషీన్ ఉందట. గొంతుక్కూర్చునే పని లేదు. ఈరోజు మధ్యాహ్నం మూడింటిలోపు కార్గో వైపు గేటుకు అసలు కాగితాలతో రావాలి. రాకపోతే ఆ జాగా ఇంకొకరిది. యాభై దాటినోణ్ణి తీసుకోవడమే ఎక్కువ, రెండోసారి అడగలేను బావా అని మల్లేశ్వర్ ముందే చెప్పేశాడు.

పోవడం కష్టం కాదు. గేటు ఇక్కడికి ఒకటిన్నర కిలోమీటరు. చిక్కు ఆ అంబాసిడర్ సీటులో ఉంది.

పక్షవాతం వచ్చిన రాత్రి దవాఖానలో శివయ్య కుడిచేత్తో దశరథం మణికట్టు పట్టుకున్నాడు. నోరు తిరగలేదు. అయినా ఏం అడుగుతున్నాడో దశరథానికి అర్థమైంది. జగదీశ్‌కు అప్పటికి పాన కూడా సరిగ్గా పట్టరాదు.

"నువ్వున్నన్ని రోజులు యాడికీ పోను బాపూ," అన్నాడు దశరథం.

అన్నప్పుడు అది నాలుగు నెలల మాట అనుకున్నాడు. డాక్టర్లు అలాగే చెప్పారు. నాలుగేళ్ళయింది. ముసలాయన పోవాలని అతను ఎన్నడూ కోరుకోలేదు. కోరుకోలేదని తనకు తాను చాలాసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

పొద్దున సరిత తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి, సర్టిఫికెట్ల కవరుతో కలిపి టిఫిన్ సంచిలో పెట్టింది. చెప్పులేసుకుంటుంటే వాకిట్లోకి వచ్చి ఒకటే మాట అంది. "బాపుకు చెప్పి పో. చెప్పకుంట పోయినవంటే నీకు ఆడ అన్నం గూడ సయించది."

పదకొండున్నరకు నాలుగు చక్రాలూ ఎక్కాయి. పలకలు తీసేశాడు. కారు మళ్ళీ గచ్చుకు ఆనింది. ఇప్పుడు అది నిజంగానే బలిసిన జంతువులా ఉంది. జగదీశ్ చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. దశరథం ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చూపుడువేలు, నడివేలు కలిపి పెట్టి చూశాడు. శివయ్య నేర్పిన కొలత అది. కారులో బరువున్నప్పుడు రెండు వేళ్ళు పట్టాలి. ఒక వేలే పడితే కారు షెడ్డు దాటకూడదు. ముందు రెండూ బాగానే పట్టాయి. వెనక కుడి పట్టింది. వెనక ఎడమ పట్టీ పట్టనట్టుంది.

ఇక తిప్పి చూడాలి. దానికీ ఒక పద్ధతి ఉంది. మడ్‌గార్డు లోపలి అంచు పొడుగునా చాక్‌పీసు రుద్దుతారు. ఎక్కడ టైరు తగిలితే అక్కడ తెలుపు చెరిగిపోతుంది. తరువాత కారు నడిపేవాడు ఒకడు, ఎడమ సీటులో బరువుకు ఒకడు. పద్దెనిమిదేళ్ళు ఆ బరువు దశరథమే. శివయ్య నడిపేవాడు, దశరథం పక్కన కూర్చునేవాడు. పక్షవాతం తరువాత సీట్లు మారాయి. బియ్యం బస్తా వేస్తే సరిపోదా అని జగదీశ్ ఎన్నోసార్లు అన్నాడు. బస్తాకు చెవులుండవు.

దశరథం ముసలాయనను చంకల కింద పట్టి లేపి, ఆ లోతైన సీటులోకి మెల్లగా దించాడు. అంతకుముందే శివయ్య తన కుడిచేత్తో వెనక ఎడమ మడ్‌గార్డుకు తానే చాక్ రుద్దాడు. ఆ ఒక్క పని ఆయన ఎవరినీ చెయ్యనివ్వడు. ఆ చేతికి చిటికెన వేలు సగమే ఉంటుంది.

మిగతా సగం దశరథం పుణ్యమే. ఇరవై ఏళ్ళ కింద ఇలాంటి కారే. మడ్‌గార్డు అంచు లోపలికి మడవాలి. అందుకు మెషీన్లు ఉంటాయని అప్పటికి ఇద్దరికీ తెలియదు. శివయ్య ఇంటి నుంచి రోకలి తెచ్చాడు. రోకలిని టైరుకూ అంచుకూ మధ్య దూర్చి, కారును అంగుళమంగుళం తోస్తుంటే, రోకలి దొర్లుతూ రేకును పైకి మడుస్తుంది. శివయ్య రోకలి పట్టుకున్నాడు. దశరథం తోశాడు. ఆగుమన్న చోట ఆగలేదు, అరడుగు ఎక్కువ తోశాడు. ముసలాయన అరవలేదు. ముందు రోకలి జాగ్రత్తగా బయటికి తీసి, తరువాత చెయ్యి చూసుకుని, పెయింటు పోలేదు గదా అని అడిగాడు. ఆ మాట తరువాత దశరథం ఈ షెడ్డు వదలడం గురించి చాలా ఏళ్ళు ఆలోచించలేదు.

తిప్పి చూసే దారి ఎప్పుడూ ఒకటే. సర్వీసు రోడ్డు మీదుగా వంతెన కిందికి, అక్కణ్ణుంచి కార్గో రోడ్డు మీద గేటు దాకా, గేటు ముందర మలుపు తిరిగి వెనక్కి. మూడు కిలోమీటర్లు. పోయేటప్పుడు ఐదు స్పీడు బ్రేకర్లు. దించిన కారును బ్రేకరు మీద నేరుగా ఎక్కించకూడదు, పొట్ట గీరుకుపోతుంది. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కించి దించాలి. నలభై దాటే జాగా ఆ దారిలో ఎక్కడా లేదు. రెండొందల యాభైలో పోయే కార్లు ఎన్నో దశరథం చేతిలోంచి వెళ్ళాయి. వాటిలో దేన్నీ అతను నలభై దాటి ఎరగడు.

శివయ్యకు మాట లేదు కాబట్టి డాష్‌బోర్డే మాట. ఒకసారి కొడితే ఎడమ, రెండుసార్లు కొడితే కుడి. అరచెయ్యి పరిచి అలాగే పెడితే, సాఫ్ ఉంది, పోనియ్ అని.

మూడో బ్రేకరు మీద వెనక ఎడమ చక్రం ఎక్కి దిగింది. దశరథానికి ఏమీ వినిపించలేదు. శివయ్య చూపుడువేలితో డాష్‌బోర్డు మీద ఒక్కసారి కొట్టాడు.

షెడ్డుకు తిరిగొచ్చి లైటు వేసి చూస్తే, వెనక ఎడమ అంచు మీద తెలుపు గోరంత మేర చెరిగి ఉంది.

"ఈయన చెవులు మెషీన్ల పెట్టి అమ్మాలె," అన్నాడు జగదీశ్. శివయ్య నోటి కుడి మూల కొంచెం కదిలింది. అది ఆయన నవ్వు.

రోకలి ఇంకా ఉంది. మూలన నూనె డబ్బాల పక్కన, నల్లగా నున్నగా. ఇప్పుడు పెయింటు పగలకుండా ముందు హీట్ గన్నుతో రేకును వేడి చేస్తారు. అదొక్కటే మారింది. దశరథం అంచును చెయ్యి కాలేదాకా కాచి, రోకలి దూర్చి పట్టుకున్నాడు. జగదీశ్ తోశాడు. అంగుళం. ఆపు. అంగుళం. ఆపు. దశరథం వేళ్ళు టైరుకూ రేకుకూ మధ్య ఉన్నాయి. ప్రతిసారీ లాగినట్టే ఈసారీ చిటికెన వేలు లోపలికి లాక్కున్నాడు. రేకు మూలిగి, మెల్లగా మడత పడింది. పెయింటు మీద వెంట్రుకంత చీలిక కూడా రాలేదు. గోడ గడియారం ఒంటిగంట చూపిస్తోంది.

తినేటప్పుడు రొట్టె తుంచి శివయ్య చేతికిచ్చాడు. చెబుదామనుకున్నాడు. విమానం వచ్చింది. ఆగాడు. అది పోయాక ఏ మాట దగ్గర ఆగాడో వెతుక్కుంటే, అసలు ఏ మాటా మొదలుపెట్టలేదని తెలిసింది.

అప్పుడే ఉపాయం తట్టింది. రెండోసారి తిప్పి చూడటానికి ఎలాగూ పోవాలి. దారి గేటు దాకా పోతుంది. దారిలో అడుగుతాడు. ముసలాయన ఒప్పుకుంటే గేటు దగ్గర కారాపి, కాగితాలు చూపించి, సంతకం పెట్టి వస్తాడు. పది నిమిషాల పని. ఒప్పుకోకపోతే అక్కడే మలుపు తిరుగుతాడు. జగదీశ్‌కు ఏదైనా తరువాతే తెలుస్తుంది.

వెనక కుళాయి దగ్గర మొహం, మోచేతులు కడుక్కుని తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. కాగితం పాత చొక్కాలోంచి దీనిలోకి మారింది. కవరు నడుము దగ్గర దోపుకున్నాడు. బయటికి రాగానే జగదీశ్ కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏంది దశన్నా, పెండ్లి చూపులకా?"

"సాయంత్రం ఒక కాడికి పోవాలె," అన్నాడు దశరథం.

కారులోకి దించుతుంటే శివయ్య ఆ చొక్కా వైపు చాలాసేపు చూశాడు. మడిచిన అంచుకు మళ్ళీ చాక్ రుద్ది తెల్లబడిన కుడిచెయ్యి ఎత్తి, దశరథం కాలరు ఒక పక్క మడత పడి ఉంటే సరిచేశాడు. నుదుటి మీద చెమట ఉంది. ఏప్రిల్ ఎండ, ఎవరికి లేదు చెమట అనుకున్నాడు దశరథం. తరువాత చాలా రోజులు ఆ చెమట గుర్తొచ్చింది.

రెండూ పదికి బయలుదేరారు. మొదటి బ్రేకరు. డాష్‌బోర్డు మీద చప్పుడు లేదు. రెండోది, మూడోది. శివయ్య కళ్ళు సగం మూసుకుని తల సీటుకు ఆనించాడు. వినేటప్పుడు ఆయన అలాగే ఉంటాడు. నాలుగో బ్రేకరు దాటాక రోడ్డు కాస్త ఖాళీగా ఉంది. ఎడమ పక్క పొడుగాటి గోడ, గోడ మీద ముళ్ళ కంచె, కంచె అవతల విమానం తోక ఒకటి మెల్లగా జరిగిపోతోంది. పైన ఇంకో విమానం దిగుతోంది. దాన్ని పోనిచ్చాడు. చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టాడు.

"బాపూ, సరిత తమ్ముడు ఎయిర్‌పోర్టుల పని మాట్లాడిండు. ఇయ్యాల మూడింటిలోపు రమ్మన్నరు. నా మోకాళ్ళు నీకెర్కనే. జగదీశ్‌కు ఇప్పుడు పనొచ్చు, ఒక నెల పొద్దుమాపు వచ్చి చూసిపోత." రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నీకు మాటిచ్చిన. నువ్వు పొమ్మంటేనే పోత. లేదంటే ఈ ముచ్చట ఇక్కడ్నే మర్చిపోత."

అనడం అయ్యేసరికి ఐదో బ్రేకరు వచ్చేసింది. స్టీరింగు వంచి ఏటవాలుగా ఎక్కించాడు. ముందు ఎడమ, ముందు కుడి. వెనక ఎడమ ఎక్కింది, దిగింది. వెనక కుడి. దిగుతుండగా డాష్‌బోర్డు మీద ఠప్పుమని చప్పుడైంది.

ఓరగా చూశాడు. శివయ్య అరచెయ్యి పరిచి ఉంది. వేళ్ళు విడివిడిగా. కదలడం లేదు.

సాఫ్ ఉంది. పోనియ్.

దశరథానికి కళ్ళు మసకబారాయి. నాలుగేళ్ళు ఇంత చిన్న మాట అడగడానికి భయపడ్డానా అనుకున్నాడు. గేటుకు ఇవతల వేపచెట్టు నీడలో కారాపి, ఇంజను బంద్ చేసి, నడుము దగ్గరి కవరు తీసుకున్నాడు. డోరు తెరుస్తూ, "పది నిమిషాల్ల వస్త బాపూ, ఏసీ పెట్టి పోవాల్నా?" అని తిరిగాడు.

శివయ్య కళ్ళు సగం మూసే ఉన్నాయి. చెయ్యి డాష్‌బోర్డు మీదే ఉంది. ఛాతీ మాత్రం కదలడం లేదు.

దశరథం ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు. మెడ పక్కన పెట్టి చూశాడు. ఏ మూల చిన్న చప్పుడైనా పట్టగలనన్నట్టు ఆయన రొమ్ముకు చెవి ఆనించాడు. అతనిది మామూలు చెవి. అయినా అక్కడ వినడానికి ఏమీ లేదని ఆ చెవికి కూడా తెలిసింది. మణికట్టు పట్టుకోగానే ఆ చెయ్యి డాష్‌బోర్డు మీద నుంచి జారి ఒళ్ళో పడింది.

నల్లటి డాష్‌బోర్డు మీద తెల్లటి అరచెయ్యి మిగిలింది. చిటికెన వేలు సగమే.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. సెక్యూరిటీ మనిషి వచ్చి అద్దం మీద తట్టాడు. ఇక్కడ ఆపకూడదన్నాడు. లోపలికి వంగి చూసి, పెద్దాయనకు బాగలేదా అని అడిగాడు.

"నిద్ర పట్టింది," అన్నాడు దశరథం.

గేటు అతనికి ఇరవై గజాల దూరంలో ఉంది. గేటు పక్కన గదిలో గడియారం కనిపిస్తోంది. రెండు ఇరవై ఎనిమిది. మాట కూడా తీరిపోయింది. నువ్వున్నన్ని రోజులు అన్నాడు. ఆ రోజులు ఇప్పుడే, ఈ సీటులోనే అయిపోయాయి. దిగి నడిస్తే ఆపే మనిషి లేడు.

కవరు ఒళ్ళో పెట్టుకుని కారు స్టార్టు చేశాడు. మలుపు తిప్పాడు. వెనక్కి వచ్చే వైపు కూడా బ్రేకర్లున్నాయి. వాటిని ఎన్నడూ లేనంత ఏటవాలుగా, ఎన్నడూ లేనంత మెల్లగా దాటించాడు, పక్కసీటులో తల ఊగకుండా. వెనకనుంచి హారన్లు మోగాయి. ఒకడు పక్కకొచ్చి, ఇంత కారు గిట్ల నడుపుతవా అని నవ్వి పోయాడు.

జగదీశ్ ముందు నమ్మలేదు. తరువాత తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి, కారు బయట నేల మీద కూర్చుని ఏడ్చాడు. అతని ఏడుపు అబద్ధం కాదు. కాసేపటికి తలెత్తి కారును చూశాడు, రోడ్డును చూశాడు. మొహం తుడుచుకున్నాడు.

"దశన్నా, కార్ల పోయిండని ఎవ్వలకు చెప్పకు. మనిషి పోయిన కారంటే ఉపేందర్ ముట్టడు. ఇంకోడు ఇటు దిక్కు కారు తేడు." తండ్రి చొక్కా సర్దాడు. "సీట్ల కూసోని పోయిండందాం. బాపు గూడ గట్లనే అంటుండె."

నిజమే. ఆయనా అలాగే అనేవాడు. పెయింటు పోలేదు గదా అని అడిగిన మనిషి.

ఇద్దరూ కలిసి ఎత్తారు. దశరథం చంకల కింద పట్టాడు, నాలుగేళ్ళుగా పడుతున్నట్టే. అంబాసిడర్ సీటులో కూర్చోబెట్టి తల రోడ్డు వైపు తిప్పాడు. పక్క సందులోంచి డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిందని చెప్పాడు. కూర్చున్న చోటనే, ఏ బాధా లేకుండా పోయాడని చుట్టూ చేరినవాళ్ళు అనుకున్నారు. అదృష్టవంతుడన్నారు. అదే అందరి నోటా పాకింది. ఎక్కడ పోయాడు, పోయేముందు ఎవరు ఏం అడిగారు, ఆ చెయ్యి దేనికి పరిచాడు అన్నది దశరథం లోపల ఉండిపోయింది. జగదీశ్ ఒక్కసారి అడిగాడు, ఎక్కడ తెలిసింది అన్నా అని. ఐదో బ్రేకరు దాటినంక అన్నాడు దశరథం. అంతవరకే అన్నాడు.

వ్యాను వచ్చింది. శవాన్ని పాల్మాకుల తీసుకుపోతూ జగదీశ్ కిటికీలోంచి తాళాలు అందించాడు.

"కారు ఆయనకు అప్పజెప్పి, షట్టర్ దించి రా అన్నా. పాడె ఎత్తేటందుకు నువ్వుండాలె. ఇగ నాకు బాపువైనా నువ్వే, అన్నవైనా నువ్వే."

దశరథం తలూపాడు. వ్యాను కదిలింది. గోడ గడియారంలో మూడు దాటిపోయిందని అప్పుడే చూశాడు.

గుడ్డ తీసుకుని కారు తుడవడం మొదలుపెట్టాడు. చక్రాలు ఎక్కించాక వాటి వరస సరిచూసినప్పుడు మెషీన్ ఇచ్చిన అలైన్‌మెంట్ కాగితం స్టీరింగు పక్కన పెట్టాడు. స్టీరింగు తుడిచాడు. గేరు, డోరు పిడి, ఎడమ సీటు తుడిచాడు. డాష్‌బోర్డు దగ్గరికి వచ్చి ఆగాడు. ఆ చెయ్యి బ్రేకరుకు జవాబా, తనకు జవాబా? చక్రం గీసుకోలేదని చెప్పిందా, పొమ్మని చెప్పిందా? లేక ఏదీ చెప్పకుండా, పట్టుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కుందా? బయటికి పోయి వెనక ఎడమ మడ్‌గార్డు కింద లైటు వేసి చూశాడు. చాక్ గీత ఎక్కడా చెరగలేదు. రెండు వేళ్ళు పెట్టి చూశాడు. పట్టాయి. కారు విషయంలో ముసలాయన చెప్పింది నిజం. మిగతాది అడగడానికి ఇక డాష్‌బోర్డు లేదు.

అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అలైన్‌మెంట్ కాగితం తెచ్చి ఆ తెలుపు మీద కప్పాడు.

ఉపేందర్ నాలుగింటికి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ తెచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, టైరు దగ్గర వంగి తానూ రెండు వేళ్ళు పెట్టి చూసి, కమాల్ చేసినవన్నాడు. ఖాళీ సీటు వైపు చూసి, ముసలాయన ఏడని అడిగాడు.

"ఇంటికి పోయిండు," అన్నాడు దశరథం.

ఉపేందర్ లోపల కూర్చుని కాగితం తీశాడు. చదివాడు, మడిచాడు. అప్పుడు కింద ఉన్నది చూశాడు.

"ఇదెవరి చెయ్యన్నా?"

దశరథం చెయ్యి జేబులోని గుడ్డ మీదికి పోయింది. పక్కనే ఆ నాలుగు మడతల కాగితం తగిలింది, చెమటకు మెత్తబడి.

"చెక్ చేసినాయనది," అన్నాడు. "అంత సాఫ్ ఉంటే గట్ల పెడ్తడు."

ఉపేందర్ ఒక క్షణం చూశాడు. తుడవమనలేదు. సెల్ఫ్ కొట్టాడు. దశరథం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. వెడల్పాటి కొత్త టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు ఒకేసారి చితికాయి. కారు సర్వీసు రోడ్డు మీదికి పోయింది, మొదటి బ్రేకరును ఏటవాలుగా దాటింది. వంతెన కింద, శివయ్య ఇన్నేళ్ళూ తిరిగిన కార్గో రోడ్డు మలుపు దగ్గర తిరగలేదు. ర్యాంపెక్కి హైవే మీద కలిసింది. ఇంజను గొంతు మారింది. నలభై దాటింది. అద్దం వెనక, నల్లటి డాష్‌బోర్డు మీద, సగం చిటికెన వేలున్న తెల్లటి అరచెయ్యి ఎండలో పరుచుకుని ఉంది.